పాత కారులో ఊహకు పడే ఖరీదు

పాత కారు మాట ఎత్తగానే చర్చ పేర్ల మీదికి మళ్లుతుంది. ఫలానా కంపెనీ ఇంజిన్‌కు చావు లేదు, ఫలానా మోడల్ జోలికి పోవద్దు, డీజిల్ అయితే ఎన్ని లక్షల కిలోమీటర్లైనా తిరుగుతుంది, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చెడితే చేతి చమురు వదులుతుంది. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. కొన్ని ఇంజిన్లకు, గేర్‌బాక్సులకు తయారీలోనే వచ్చిన బలహీనతలు ఉంటాయి, వాటిని ముందే తెలుసుకోవడం మంచిదే. కానీ ఒకే రోజు ఒకే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రెండు కార్లను పదేళ్ల తర్వాత పక్కపక్కన నిలబెడితే వాటి మధ్య పోలిక రంగుతోనే ఆగిపోవచ్చు. ఒకదానికి వేళకు ఆయిల్ మారింది, ఇంకోదానికి ఎర్రదీపం వెలిగినా ఎవరూ పట్టించుకోలేదు. ఒకటి నీడపట్టున ఉంది, ఇంకోటి ఎండకూ వానకూ బయటే ఉంది. కొనేవారి చేతికి వచ్చేది ఆ ఒక్క బండి గడిపిన పదేళ్ల బతుకు. అందులో తెలిసినదెంత, ఊహించుకున్నదెంత అన్నదాన్ని బట్టే ఆ కారు కలిసొస్తుందో కొంప ముంచుతుందో తేలుతుంది. కొనేటప్పుడే కాదు, నడిపేటప్పుడూ, మరమ్మతు చేయించేటప్పుడూ డబ్బు ఎక్కువగా పోయేది ఊహ దగ్గరే.

ఈ సంగతిని ఆర్థికశాస్త్రం కూడా పట్టించుకుంది. 1970లో అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక పరిశోధన పత్రం రాశారు. అమ్మేవారికి కారు లోపాలు తెలుసు, కొనేవారికి తెలియవు. తెలియని మనిషి మంచి కారుకు తగిన ధర పెట్టడానికి జంకుతాడు. మంచిదో చెడ్డదో తేలదు కనుక మధ్యస్థంగా ఒక ధర చెబుతాడు. ఆ ధరకు చెడ్డ కారు యజమాని సంతోషంగా ఒప్పుకుంటాడు. బండిని బాగా చూసుకున్న యజమాని ఈ ధరకు అమ్మడం ఎందుకని వెనక్కి తగ్గుతాడు. మంచి కార్లు తప్పుకునే కొద్దీ మిగిలే సరుకు నాణ్యత పడిపోతుంది, దాంతో ధర ఇంకా పడుతుంది. ఇలా ఒకరికి తెలిసి మరొకరికి తెలియని సమాచారంతో నడిచే మార్కెట్ల మీద చేసిన కృషికి 2001లో అకెర్లాఫ్‌కు మైఖేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. మామూలు కొనుగోలుదారుకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. గంటల తరబడి బేరమాడి తగ్గించుకునే మొత్తం కంటే, అమ్మేవారికి తెలిసినదాంట్లో కొంతైనా రాబట్టుకుంటే మిగిలే డబ్బు ఎక్కువ.

మార్కెట్ మాత్రం ఈ తెలియనితనాన్ని రెండు అంకెలతో కప్పేస్తుంది: తయారైన సంవత్సరం, ఓడోమీటర్ మీది కిలోమీటర్లు. తక్కువ తిరిగిన బండి అంటే మంచి బండి అన్న నమ్మకం ఎంత బలంగా ఉందంటే, ఆ ఒక్క అంకె చూసి మిగతావి చూడటం మానేసేవారు ఎందరో. ఇక్కడ ఆగి ఆలోచించాలి. కిలోమీటర్లు ఎన్ని అన్నది ఎంత ముఖ్యమో, అవి ఎలాంటివి అన్నది అంతకంటే ముఖ్యం. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆగిపోతుంది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ వేడెక్కితే అది ఆవిరిగానే బయటికి పోతుంది, చల్లగా ఉంటే లోపలే నీరుగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. మండకుండా మిగిలిన ఇంధనం కూడా అక్కడికే చేరుతుంది. సైలెన్సర్‌లో నిలిచిన తేమ దాన్ని లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. బ్యాటరీ ఎప్పుడూ నిండా చార్జ్ కాదు. డీజిల్ కారైతే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌కు ఆ మసిని కాల్చుకునేంత వేడి అందదు, కొన్నాళ్లకు అది పూడుకుపోతుంది. అదే హైవే మీద ఒకే వేగంతో సాగే కారులో గేర్లు, క్లచ్, బ్రేకులు అరిగేది తక్కువ, ఇంజిన్ ఉండాల్సిన వేడిలోనే ఉంటుంది. లక్షన్నర కిలోమీటర్లు అలా తిరిగిన కారు, వీధి చివరి దాకా వెళ్లివస్తూ నలభై వేలు తిరిగిన కారు కంటే ఆరోగ్యంగా ఉండటం వింతేమీ కాదు.

పైగా తిరగకపోయినా వయసు ఆగదు. రబ్బరు గొట్టాలు, బెల్టులు, సీళ్లు, బుష్‌లు ఏళ్లు గడిచే కొద్దీ గట్టిపడి పగులుతాయి. టైరు పక్కగోడ మీద ఒక అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైన టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా బాగా పాతబడిన రబ్బరు తడిరోడ్డు మీద సరైన పట్టు ఇవ్వదు. ఇదే గడి ఇంకో పని కూడా చేస్తుంది. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పే కారుకు నాలుగు టైర్లూ బండి కంటే చిన్న వయసువైతే, మొదటి టైర్లు అంత త్వరగా ఎందుకు అరిగాయని అడగాలి. స్టీరింగ్ తోలు నునుపుదేరి మెరుస్తున్నా, బ్రేక్ పెడల్ మీది రబ్బరు గీతలు చెరిగిపోయినా, డ్రైవర్ సీటు అంచు నలిగిపోయినా ఓడోమీటర్ అంకెను అనుమానించాల్సిందే. డిజిటల్ మీటర్‌ను వెనక్కి తిప్పలేరన్నది అపోహ. అయితే చాలా కార్లలో ఆ అంకె ఒక్క మీటర్‌లోనే కాక ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదవుతుంది, సరైన స్కానర్ ఉన్నవారు వాటిని పోల్చి చూడగలరు.

కాగితాల దగ్గరికి వస్తే, సర్వీస్ బిల్లుల కట్ట ఉన్న కారుకు కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. బిల్లుల మీద తేదీ, కిలోమీటర్ల రీడింగు వరుసగా పెరుగుతూ ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. 'అన్నీ వేళకు చేయించాం, బిల్లులు ఎక్కడో పెట్టాం' అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ మాటకు విలువ కట్టి డబ్బు ఇవ్వకూడదు, చేయించలేదనే లెక్క వేసుకోవాలి. చాసిస్ నంబరును బండి మీదా కాగితాల మీదా సరిపోల్చడం తప్పనిసరి. 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఈ నంబరులో ఒకటితో, సున్నాతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అవి కనిపించాయంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. చాలా చోట్ల ఈ నంబరుతోనే ఆ బండికి కంపెనీ ప్రకటించిన రీకాల్ (తయారీ లోపం వల్ల వెనక్కి పిలిచి చేసే) మరమ్మతులు పెండింగ్‌లో ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకునేవారు తకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి గుర్తుచేసుకోవాలి. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి గురై దెబ్బతినడంతో, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుషుల మీదికి ఎగిసి ప్రాణాలు తీశాయి. అనేక కంపెనీల కార్లను కోట్ల సంఖ్యలో వెనక్కి పిలవాల్సి వచ్చింది, 2017లో తకాటా దివాలాకు దరఖాస్తు చేసుకుంది. చేతులు మారిన కార్ల విషయంలో రీకాల్ ఉత్తరాలు పాత యజమాని చిరునామాకే పోవచ్చు. కొత్త యజమాని తనంతట తాను చూసుకుంటే తప్ప తెలియకపోవచ్చు.

బండిని చూడటానికి వెళ్లేటప్పుడు ఒక్క షరతు గట్టిగా పెట్టాలి: వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు. చేరగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే వేడిచేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు రావడమే మంచిది. ఎందుకంటే ఎన్నో ఇంజిన్ లోపాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. సెల్ఫ్ ఎంతసేపు తిరిగింది, మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు గలగలలాడినట్టు శబ్దం వచ్చిందా, ఐడిలింగ్ (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరగడం) నిలకడగా ఉందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఆ సమయంలో ఇంకొకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. చలి ఉదయాన కొద్దిసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే, నిమిషాల్లో పోతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లపొగ దట్టంగా వస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, సిలిండర్లలోకి దిగుతున్నట్టు. నల్లపొగ ఇంధనం ఎక్కువ పడుతోందని చెబుతుంది. నీలం పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. అది రావడంలోనూ తేడా ఉంది. చాలాసేపు ఐడిలింగ్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. లోడు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం పడాలి. మొదటిది భరించదగ్గ ఖర్చు, రెండోది ఇంజిన్ మొత్తం విప్పే పని.

ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు చూడాలి. ఇక్కడ తొందరపాటు తీర్పులు చాలా వినిపిస్తాయి. మూత కింద వెన్నలాంటి లేత గోధుమ రంగు నురుగు కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (ఆయిల్, కూలెంట్ కలవకుండా ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) పోయిందని తేల్చేస్తారు. చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే కారులో ఆవిరి మూత దగ్గర చల్లబడి ఆయిల్‌తో కలిస్తే అదే నురుగు వస్తుంది. అందుకే అక్కడితో ఆగకుండా ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూడాలి. దాని మీది ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్ మట్టం సరిగ్గా ఉండి, కూలెంట్ మీద ఆయిల్ తెట్టె లేకపోతే భయపడాల్సింది పెద్దగా లేదు. డిప్‌స్టిక్ మీద కూడా నురుగే ఉంటే, కూలెంట్ ట్యాంకులో జిడ్డు తేలుతుంటే, ఆ బండిని అక్కడే వదిలి రావాలి. మూత లోపల నురుగు లేకున్నా నల్లటి బురద గట్టిపడి అంటుకుని ఉంటే అదీ మంచిది కాదు: ఆ కారుకు ఏళ్ల తరబడి సరిగ్గా ఆయిల్ మార్చలేదు. రేడియేటర్ మూతను మాత్రం చల్లగా ఉన్నప్పుడే తెరవాలి. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. వేడి మీద మూత తీస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

కొంతమంది అమ్మేముందు బండికి చేసే చికిత్స ఒకటుంది. డ్యాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంటే, మరమ్మతు చేయించకుండా, కారు నమోదు చేసుకున్న లోపం కోడ్‌ను స్కానర్‌తో చెరిపేస్తారు, లేదా బ్యాటరీ వైరు కాసేపు ఊడదీస్తారు. దీపం ఆరిపోతుంది. కొన్నవారు ఇంటికి చేరాక, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ వెలుగుతుంది. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. అమెరికాలో 1996 మోడల్ నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఓబీడీ అనే స్వీయ పరీక్ష వ్యవస్థ తప్పనిసరైంది. తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఉండే సాకెట్‌కు చవకైన స్కానర్ తగిలించి ఫోనులో చూడొచ్చు. కోడ్లు ఉన్నాయా లేవా అన్నది చూసి చాలామంది ఊరుకుంటారు. అసలు చూడాల్సింది 'రెడీనెస్' అనే జాబితా. కోడ్లు చెరిపినా, బ్యాటరీ తీసినా కారు తన పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి, అందుకు రకరకాల వేగాల్లో కొంత దూరం తిరగాలి. ఒక్క కోడూ లేకుండా, పరీక్షల్లో ఎక్కువ భాగం ఇంకా పూర్తికాలేదని చూపిస్తే ఇటీవల ఎవరో చెరిపేశారనే అర్థం. బ్యాటరీ కొత్తగా మార్చి ఉంటే అది న్యాయమైన కారణమే, కానీ దానికి బిల్లు చూపించగలగాలి. ఈ ఒక్క పరీక్ష తెలియని కొనుగోలుదార్లు ఎందరో మోసపోతున్నారు. స్కానర్ ఖరీదు కారు ధరలో లెక్కలోకి కూడా రాదు.

బాడీ పరీక్షలో తలుపుల మధ్య సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా అన్నది అందరికీ తెలిసిందే. అంతకంటే నమ్మదగింది బోల్టులు. బానెట్ ఎత్తి ముందు ఫెండర్లను పట్టి ఉంచే బోల్టుల తలలు చూడాలి. చాలా కార్లకు ఫ్యాక్టరీలో బిగించాకే రంగు పడుతుంది కనుక ఆ రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. మూలల్లో రంగు ఊడి రెంచి గీతలు కనిపిస్తే ఆ ఫెండర్ ఒకసారైనా ఊడింది. గీత పడితే ఫెండర్ మార్చడం ఘోరమేమీ కాదు. ఎందుకు ఊడదీశారో అమ్మేవారు సూటిగా చెప్పగలరా అన్నదే ప్రశ్న. రంగు మందం కొలిచే చిన్న పరికరంతో చూస్తే ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) మధ్య ఉంటుంది. ఒక్క తలుపు మీద మాత్రం ఏడెనిమిది వందలు చూపిస్తే దాని కింద పుట్టీ ఉంది. వరదలో మునిగిన కారును పట్టుకోవాలంటే సీటు బెల్టును చివరిదాకా లాగాలి. ఎప్పుడూ బయటికి రాని భాగంలో బురద చార కనిపిస్తుంది. స్టెప్నీ కింది గుంతలో సన్నటి ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద తడివాసన కూడా అదే కథ చెబుతాయి. నీరు తాగిన వైరింగ్ ఒక్కరోజులో చెడదు. నెలల తర్వాత ఒక్కొక్క కనెక్టర్‌గా పచ్చబడుతూ వస్తుంది, ఏ మెకానిక్‌కూ అంతుచిక్కని సమస్యలు ఇస్తుంది.

నడిపి చూసేటప్పుడు పాటలు ఆపేసి, అద్దాలు దించి నడపాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే టకటకమనడం డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్ అరిగిందని చెబుతుంది. వేగం పెరిగే కొద్దీ పెరుగుతూ, బండిని ఒక పక్కకు తిప్పినప్పుడు మారే హోరు చక్రం బేరింగ్‌ది. పై గేరులో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇవన్నీ మరమ్మతు చేయించగలిగినవే, ధరలో తగ్గించుకోదగ్గవే. ఇంత చూశాక కూడా, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌తో లిఫ్ట్ మీద ఎక్కించి చూపించడం మానకూడదు. అందుకు అమ్మేవారు ఒప్పుకోకపోతే అదే పరీక్ష ఫలితం.

ఉన్న డబ్బంతా కారు కొనడానికే పెట్టేయడం చాలామంది చేసే పొరపాటు. కారు ధరలో కొంత భాగాన్ని మొదటి నెల పనులకు పక్కన పెట్టుకోవాలి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించేస్తే అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది; గత యజమాని ఎప్పుడు మార్చాడన్న ఊహ అవసరం లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాగినప్పుడు అది మరిగి బుడగలు పుడితే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చాలని అనేక కంపెనీలు చెప్పేది అందుకే.

టైమింగ్ బెల్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొన్ని ఇంజిన్లలో గొలుసు ఉంటుంది, కొన్నింటిలో రబ్బరు బెల్ట్. ఏది ఉందో తెలుసుకోవడం కొన్నరోజే చేయాల్సిన పని. బెల్ట్ ఉంటే దానికి కంపెనీ కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా పెడుతుంది, రెండింటిలో ఏది ముందొస్తే అది. చాలా ఇంజిన్లలో పిస్టన్లు, వాల్వులు ఒకే చోట వేర్వేరు క్షణాల్లో కదులుతాయి. ఆ వరుస తప్పకుండా చూసేది బెల్టే. అది తెగితే తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి, వాల్వులు వంగిపోతాయి. అంతవరకూ ఏ శబ్దమూ, ఏ దీపమూ హెచ్చరించకపోవచ్చు. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చాల్సిందే. వాటర్ పంపు కూడా ఆ బెల్ట్‌తోనే తిరిగే ఇంజిన్ అయితే రెండూ ఒకేసారి మార్పించాలి, ఎందుకంటే ఖర్చులో ఎక్కువ భాగం అక్కడిదాకా విప్పే కూలిదే. క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ దిగుతుంది కనుక క్లచ్ వెనకున్న ఇంజిన్ ఆయిల్ సీలు విషయంలోనూ ఇదే లెక్క. గొలుసు ఉన్న ఇంజిన్ వారికీ పూర్తి నిశ్చింత లేదు. ఆయిల్ వేళకు మార్చకపోతే గొలుసు సాగుతుంది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మొరాయిస్తుంది.

రోజువారీ నడకలో అన్నిటికంటే చవకైన అలవాటు డిప్‌స్టిక్ చూడటం. వయసు మీదపడిన ఇంజిన్ కొంత ఆయిల్ తాగడం సహజమే. ఎంత తాగుతోందో యజమానికి తెలియకపోవడమే ప్రమాదం. ఆయిల్ దీపం మట్టాన్ని చూపించదు, చాలా కార్లలో అది చూపేది ఒత్తిడి పడిపోవడాన్ని. అది వెలిగేసరికి బేరింగులు దెబ్బతినడం మొదలై ఉండొచ్చు. ఆ ఎర్రదీపం వెలిగితే ఇంటిదాకా వెళ్లి చూద్దామనుకోకూడదు, అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం మార్చనక్కర్లేదన్న మాటనూ నమ్మకూడదు. ఆ జీవితకాలం ఎవరిదో, ఎన్నాళ్లదో ఎక్కడా రాసి ఉండదు. పాత కారును ఇంకో పదేళ్లు నడపాలనుకునేవారు, ముఖ్యంగా ఆటోమేటిక్, సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్సులున్నవారు, కంపెనీ చెప్పిన రకం ఆయిల్‌నే వాడుతూ గడువు పెట్టుకుని మార్పించాలి.

ఇక మరమ్మతు. ఊహ అత్యంత ఖరీదుగా పడేది ఇక్కడే. 'ఇది అయి ఉండొచ్చు' అని ఒక భాగం, కాకపోతే 'అయితే అది' అని ఇంకోటి, ఇలా వరుసగా మార్చుకుంటూ పోతే సమస్య తీరినా బిల్లు తడిసి మోపెడవుతుంది. చెక్ ఇంజిన్ కోడ్‌ను భాగం పేరుగా చదవడం దీనికి మూలం. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మంట సరిగ్గా అందడం లేదని మాత్రమే. కారణం స్పార్క్ ప్లగ్ కావచ్చు, ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, వాల్వు కావచ్చు. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న ఇంజిన్‌లో దీన్ని తేల్చడానికి కొత్త భాగం ఒక్కటీ కొననక్కర్లేదు. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండో దానికి, రెండోది ఒకటో దానికి పెట్టి, కోడ్ చెరిపి కాస్త నడపాలి. ఇప్పుడు పీ0302 వస్తే తప్పు కాయిల్‌తో పాటే జరిగింది, కాయిలే దోషి. మళ్లీ పీ0301 వస్తే కాయిల్ మంచిదే. అప్పుడు ప్లగ్‌ను అలాగే మార్చి చూడాలి, అదీ కాకపోతే ఇంజెక్టర్, చివరగా సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష. పావుగంట పనితో పోయే సందేహానికి నాలుగు కాయిల్స్ కొనిపించేవారున్నారు.

పీ0420 ఇంకా ఖరీదైన ఉచ్చు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితనం తగ్గిందని ఈ కోడ్ చెబుతుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కనుక దాని ధర గుండె గుభేల్మనిపిస్తుంది. కొందరు భయపడి ముందు ఆక్సిజన్ సెన్సర్లు మారుస్తారు, కొందరు నేరుగా కన్వర్టరే మారుస్తారు. కన్వర్టర్ ముందు ఎక్కడైనా సైలెన్సర్ పైపు లీకైనా సెన్సర్ లెక్క తప్పుతుంది. కన్వర్టర్ నిజంగానే చెడినా, అది దానంతట అది చెడడం అరుదు: ఇంజిన్ ఆయిల్ మండుతూ ఉండటమో, మంట అందని సిలిండర్ నుంచి పచ్చి ఇంధనం వచ్చి అందులో మండటమో జరిగి ఉంటుంది. ఆ మూలం సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

ఇంజిన్ వేడెక్కుతోందన్న ఫిర్యాదులోనూ ఎప్పుడు అన్నది చెబితే సగం రోగం తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, కదిలితే తగ్గుతుంటే ముందు ఫ్యాన్ చూడాలి. హైవే మీదా ఎత్తు ఎక్కేటప్పుడూ వేడెక్కుతుంటే రేడియేటర్ పూడిక, కూలెంట్ ప్రవాహం చూడాలి. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోతే, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయిందేమో చూడాలి. అందుకే మెకానిక్ దగ్గరికి వెళ్లి 'రేడియేటర్ మార్చండి' అనడం కంటే, ఎప్పుడు, ఎంత వేగంలో, ఎంతసేపటికి అన్నది చెప్పడం మేలు. రేడియేటర్ మార్చమంటే మారుస్తారు, డబ్బు తీసుకుంటారు. సమస్య అలాగే ఉంటే నిలదీయడానికి యజమానికి మాట ఉండదు. రోగం కనిపెట్టడానికి విడిగా కూలి అడిగే మెకానిక్‌ను చూసి మొహం చిట్లించుకోవడం కూడా సరికాదు. గంటసేపు వైరింగ్ వెతికి ఒక్క తుప్పు పట్టిన కనెక్టర్ శుభ్రం చేసిన పనికే అసలు విలువ ఉంది.

విడిభాగాల్లో అన్నీ కంపెనీవే వేయాలన్న పట్టుదల అక్కర్లేదు. కార్ల కంపెనీలు చాలా భాగాలను బయటి తయారీదార్ల దగ్గరే కొంటాయి, అదే తయారీదారు సొంత పేరుతో అమ్మేది తక్కువకు దొరుకుతుంది. వైపర్, క్యాబిన్ ఫిల్టర్ లాంటి వాటిలో చవకది వేసినా ప్రాణం మీదికి రాదు. బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, టైర్లు, టైమింగ్ బెల్ట్, ఎయిర్‌బ్యాగుల విషయంలో మాత్రం నమ్మకం లేని సరుకు ముట్టుకోకూడదు.

పెద్ద మరమ్మతు వచ్చినప్పుడు వినిపించే వాదన ఒకటుంది: బండి విలువ కంటే మరమ్మతు ఖర్చు ఎక్కువైతే వదిలేయాలి. వినడానికి లెక్కలాగే ఉంటుంది కానీ పోల్చాల్సినవాటిని పోల్చదు. అమ్మితే ఎంత వస్తుందన్నది మార్కెట్ ధర. యజమానికి కావాల్సింది ఇంకో రెండు మూడేళ్ల ప్రయాణం. కనుక మరమ్మతు ఖర్చును, అదే ప్రయాణం ఇవ్వగల ఇంకో కారు కొనడానికి అయ్యే మొత్తంతో పోల్చాలి. ఆ ఇంకో కారు కూడా పాతదే అయితే దానికీ తెలియని లోపాలు ఉంటాయన్నది మరవకూడదు. ఇప్పుడున్న బండిలో టైర్లు ఎప్పటివో, బెల్ట్ ఎప్పుడు మారిందో, ఆయిల్ ఎంత తాగుతుందో యజమానికి తెలుసు. ఆ తెలివిడికి మార్కెట్ విలువ కట్టదు, కానీ దానికి విలువ ఉంది. క్లచ్ పోయిందని, లేదా సస్పెన్షన్ అంతా మార్చాలని మిగతా అంతా బాగున్న కారును తక్కువకు అమ్మేసి, ఏమీ తెలియని ఇంకో పాత కారు తెచ్చుకోవడం చాలాసార్లు నష్టపు బేరమే అవుతుంది.

కొన్నింటిని మాత్రం వదిలేయాల్సిందే. తలుపుల కింది పట్టీలు, సస్పెన్షన్ బిగించే చోట్లు, అడుగున ఉండే ఫ్రేము తుప్పు పట్టి స్క్రూడ్రైవర్‌తో తడితే లోపలికి దిగుతున్న కారును ఇంజిన్ ఎంత బాగున్నా నమ్మకూడదు. ప్రమాదంలో దెబ్బను లాగేసుకుని మనుషులను కాపాడాల్సింది ఆ రేకులే, పైపైన అతుకు వేసి రంగు కొడితే వాటి బలం తిరిగి రాదు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాక వాటి స్థానంలో ఏమీ పెట్టకుండా దీపం మాత్రం ఆరిపోయేలా చేసిన కారు, డ్యాష్‌బోర్డ్ దాకా మునిగిన కారు కూడా ఈ కోవలోనివే. అలాంటి బండికి కొత్త క్లచ్, కొత్త టైర్లు వేయించడం దండగ. ఇంకా నడుస్తూనే ఉన్నా సరే, దాన్ని విడిభాగాల కిందో తుక్కు కిందో ఇచ్చేయాలి, ఇంకో కుటుంబానికి రోడ్డు మీద తిరిగే కారుగా అమ్మకూడదు.